ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంటే అది సమావేశమా?

సంపాదకులు గారికి,

మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిన జిల్లా. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగాక, రోజుకో రూపాయి దాచుకుందామని మా వైపు పొదుపు సంఘాలు పెట్టారు. నేను 1996లో చేరాను. ఇప్పటికీ అదే సంఘంలో ఉన్నాను.

అప్పట్లో రాత్రి అన్నాలు తిన్నాక బడి అరుగు మీద కూర్చునేవాళ్లం. పుస్తకం రాసే అమ్మాయి ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో గట్టిగా చదివేది. చదువు రాని వాళ్లకు కూడా పన్నెండు మంది లెక్కలూ నోటికి వచ్చేవి. బయట ఐదు రూపాయల వడ్డీ నడుస్తుంటే మాలో మేము రెండు రూపాయలకు ఇచ్చుకునేవాళ్లం. ఆ వడ్డీ కూడా సంఘానికే మిగిలేది.

ఒకసారి ఒకావిడ గేదె కోసమని అప్పు అడిగింది. ఆ డబ్బు ఇంట్లో ఎవరి చేతికి పోతుందో మా అందరికీ తెలుసు. "డబ్బు కాదు, ముందు గేదెను చూపించమ్మా" అన్నాం. ఇద్దరం ఆమె వెంట వెళ్లాం. రెండు పూటలా పాలు పితికించి చూసి, అమ్మినాయన చేతికే డబ్బు ఇచ్చాం. ఆ పాల డబ్బుతోనే వాళ్లమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది.

ఇప్పుడు మా ఊళ్లో సమావేశమే జరగడం లేదు. తీర్మానం పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వస్తారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, తడి చేయి కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టేస్తాం. పైన ఏం రాసుందో చూడం. ఒక్కోసారి పైన ఏమీ రాసి ఉండదు.

పోయిన ఏడాది మాకు 8 లక్షల బ్యాంకు లోన్ వచ్చింది. మాలో ఒకావిడకు 50 వేలు చేతికి అందాయి. మూడో కంతు దగ్గర చూస్తే ఆమె పేరున 80 వేలు రాసి ఉంది. మిగతా 30 వేలు లీడరు వాడుకుంది, కొడుకు ఆసుపత్రి ఖర్చుకు. అందరం కూర్చున్న చోట అడిగి ఉంటే ఆ డబ్బు మేమే ఇచ్చేవాళ్లం. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. లీడరు నెలనెలా కట్టేస్తోంది గానీ, ఆ ఇద్దరికీ మాటల్లేవు. పాతికేళ్లు ఒకరి కాన్పుకు ఒకరు తోడున్న వాళ్లు.

సంఘాలకు 20 లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మా దగ్గర పొలం కాగితాలు లేకపోయినా, బంగారం లేకపోయినా బ్యాంకు అప్పు ఇస్తున్నది ఒకరికొకరు జామీను ఉన్నామనే కదా. ఎదురెదురుగా కూర్చోకుండా ఎవరికి ఎవరు జామీను ఉంటారు?

అధికారులు వచ్చినప్పుడు ఎంత లోన్ ఇచ్చాం, ఎంత వసూలైంది అనే అడుగుతున్నారు. ఈ నెల ఎన్నిసార్లు కూర్చున్నారు, పుస్తకం ఎవరు చదివారు అని కూడా అడగండి. మా ఖాతాకు ఒక్క ఫోన్ నంబరే ఉంది, మెసేజ్ లీడరుకే వస్తుంది, అదీ ఇంగ్లీషులో. లోన్ పడినా, కంతు కట్టినా సభ్యులందరి ఫోన్లకూ తెలుగులో మెసేజ్ రావాలి. అందరూ కూర్చున్న చోట చదివి వినిపించని తీర్మానాన్ని ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం, బ్యాంకు రెండూ వెనక్కి పంపాలి. కొత్తగా చేరుతున్న కోడళ్లకు కూడా ఒక మాట. సంతకానికి ఎవరొచ్చినా "చదవక్కా" అని అడగండి. తప్పేం లేదు.

పోయిన నెల పదో తారీఖున మళ్లీ బడి అరుగు మీద కూర్చున్నాం. ఇప్పుడు సంఘంలో ఉన్న పదిమందిలో ఏడుగురే వచ్చారు. పుస్తకం నేనే చదివాను.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
నెల్లూరు జిల్లా