ఆ కచేరీకి వెళ్లు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకు,

అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన మాట రెండు నిమిషాల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నీతో పనిచేసే నర్సు మీ ఊళ్లో ఆస్ట్రేలియా ఆదివాసీ గాయకుల కచేరీకి టికెట్లు తీసుకుందని, నిన్ను తోడు రమ్మంటోందని చెప్పావు. "రోజంతా వార్డులో బాధలే చూసి, సాయంత్రం మళ్లీ బాధల పాటలే వినాలా అమ్మా? పైగా నిన్నగాక మొన్న ఈ దేశం వచ్చినవాళ్లం, వాళ్ల పాటల మధ్య మనకేం పని?" అన్నావు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయినా నేను వెళ్లమనే అంటాను.

నువ్వు ఉద్యోగం చేస్తున్న వార్నంబూల్‌కు కాస్త దూరంలో ఫ్రామ్లింగమ్ అని ఒక చోటు ఉంది. ఒకప్పుడు అది ఆదివాసీలను తెచ్చి ఉంచిన మిషన్, అంటే చర్చివాళ్లు మొదలుపెట్టిన నివాసం. ఆర్చీ రోచ్ అనే పాటగాడిని పసితనంలో అక్కడి నుంచే ఎత్తుకుపోయారు. ఆయన పుట్టింది 1956లో. ప్రభుత్వ మనుషులు వచ్చి ఆయననూ తోబుట్టువులనూ తల్లిదండ్రుల దగ్గర నుంచి లాక్కుపోయారు. తెల్లవాళ్ల ఇళ్లలో పెరిగితే తెల్లవాళ్లలాగే తయారవుతారన్నది అప్పటి విధానం. 1910 నుంచి 1970 దాకా ఆదివాసీ పిల్లల్లో పది మందికి ఒకరి నుంచి ముగ్గురికి ఒకరి వరకు ఇలా తల్లి ఒడికి దూరమయ్యారని 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక అంచనా కట్టింది. ఈ దెబ్బ తగలని ఆదివాసీ కుటుంబం ఒక్కటీ లేదని కూడా చెప్పింది.

ఆర్చీ చివరికి మెల్‌బోర్న్‌లో ఒక మంచి కుటుంబంలో పెరిగాడు. ఆ ఇంటి పెద్ద స్కాట్లాండ్ నుంచి వచ్చినవాడు, తన దేశపు పాటలు పాడుకుంటూ ఉండేవాడు. సంగీతం పిల్లవాడికి అక్కడే అబ్బింది. కన్నవాళ్లందరూ ఇల్లు కాలి చనిపోయారని అధికారులు చెప్పిన అబద్ధాన్ని ఆ దంపతులూ నమ్మారు. ఇక హైస్కూల్లో ఉండగా ఒకనాడు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఉత్తరం. దాని మీద తను ఎప్పుడో మరిచిపోయిన అసలు పేరు ఉంది. రాసింది అక్క మర్టిల్. అమ్మ నెల్లీ కొన్ని రోజుల కిందటే చనిపోయిందని అందులో ఉంది. తనకొక అమ్మ ఉందని తెలిసిందీ, ఆమె ఇక లేదని తెలిసిందీ ఒకే కాగితం మీద. ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు తల్లీ.

ఆ పిల్లవాడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి వీధుల్లో పడుకున్నాడు, తాగాడు. అడిలైడ్‌లో నిలువ నీడ లేనివాళ్లు తలదాచుకునే ఒక వసతి గృహంలో రూబీ హంటర్ కనిపించింది. ఆమె మర్రే నది ఒడ్డున పుట్టిన, ఙారిన్‌జెరి అనే ఆదివాసీ తెగ పిల్ల. ఎనిమిదో ఏట ఆమెనూ ఎత్తుకుపోయారు. ఒకరి కథ ఒకరికి విడమరిచి చెప్పుకోవాల్సిన అవసరమే లేని జంట. కాలక్రమంలో ఇద్దరూ తాగుడు మానేశారు, పిల్లల్ని కన్నారు, దిక్కులేని ఇంకొందరు పిల్లల్నీ తమ ఇంట్లోనే పెట్టుకుని పెంచారు.

పాట సంగతికి వస్తాను. ఫ్రామ్లింగమ్ పెద్దల్లో బాంజో క్లార్క్ అని ఒకాయన ఉండేవాడు. నిన్ను తీసుకుపోయిన రోజు మీద పాట కట్టమని ఆర్చీని అడిగాడు. పసితనంలో జరిగింది ఆర్చీకి ఎలా గుర్తుంటుంది? చూసినవాళ్లు చెప్పింది విని, దాన్ని తన గొంతులోకి తెచ్చుకున్నాడు. ఆ రోజును ఊరు దాచిపెట్టి ఆయనకు అప్పగించింది, ఆయన దాన్ని పాటగా కట్టి ఊరికే తిరిగి ఇచ్చాడు. 1988లో, తెల్లవాళ్ల ఓడలు ఒడ్డుకు చేరి రెండు వందల ఏళ్లయిందని దేశం ఉత్సవాలు చేసుకుంటున్న కాలం అది. పాట పేరు 'టుక్ ద చిల్డ్రన్ అవే'. పిల్లల్ని లాక్కుపోవడంతో అది ఆగిపోదు. చివరికి వచ్చేసరికి ఆ పిల్లలు ఇంటికి, తమ వాళ్ల దగ్గరికి, తమ నేలకు తిరిగి వస్తారు. పాట విన్నప్పుడు ఆ చివరి చరణం దాకా ఓపిక పట్టాలి. బాధల పాట అని నువ్వు అన్నావే, బాధ అందులో సగమే.

1989లో పాల్ కెల్లీ అనే పేరున్న గాయకుడు మెల్‌బోర్న్‌లోని పెద్ద హాలులో తన కచేరీకి ముందు పాడమని ఆర్చీని పిలిచాడు. ఆర్చీ ఈ పాట పాడి ముగించాడు. హాలులో చప్పుడు లేదు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. జనానికి నచ్చలేదనుకుని ఆర్చీ గిటారుతో వెనక్కి తిరిగి నడవసాగాడు. అప్పుడు ఎక్కడో ఒక మూల మొదలైన చప్పట్లు, రేకుల కప్పు మీద చినుకులు పడి వాన అందుకున్నట్టు, హాలంతా నిండిపోయాయట. ఆ కొద్ది క్షణాల మౌనం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అక్కడున్నవాళ్లలో ఎక్కువ మందికి తమ దేశంలో ఇలా జరిగిందని అంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. బడి పుస్తకం చెప్పని సంగతిని ఒక మనిషి ఎదురుగా నిలబడి పాడితే, అది మనసులో సర్దుకోవడానికి ఆ మాత్రం సమయం పట్టింది.

తర్వాత ఆల్బమ్ చేద్దామంటే ఆర్చీ వెనకాడాడు. రూబీ ఊరుకోలేదు. ఇదంతా నీ ఒక్కడి గురించే అనుకుంటున్నావా, మనవాళ్లలో ఇలాంటి అవకాశం ఎంతమందికి దొరుకుతుంది అని నిలదీసింది. అలా 1990లో 'చార్‌కోల్ లేన్' వచ్చింది. మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్‌లో ఇల్లూవాకిలీ లేని ఆదివాసీలు చేరి కబుర్లు చెప్పుకునే సందు పేరు అది. వీధి బతుకు మీద రూబీ స్వయంగా కట్టిన పాట కూడా అందులో ఉంది. 1994లో ఆమె సొంత ఆల్బమ్ తెచ్చింది. పెద్ద కంపెనీ ద్వారా సోలో ఆల్బమ్ వెలువరించిన మొదటి ఆదివాసీ మహిళ ఆమే. ఆర్చీ పేరు తలిచినవాళ్లు రూబీని పక్కన పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు. ఆమె ఆ రోజు అడ్డం తిరిగి అడగకపోతే ఈ పాటలు నీదాకా నాదాకా వచ్చేవి కావేమో.

ఆయన చివరి సంవత్సరాల్లో మెల్‌బోర్న్‌లో ఒక కచేరీకి నేనూ మీ నాన్నా వెళ్లాం. 2010లో రూబీ హఠాత్తుగా పోయింది. అదే ఏడాది ఆయనకు పక్షవాతం, మరుసటి ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆపరేషన్. మేం చూసేనాటికి కుర్చీలో కూర్చుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పాడుతున్నాడు. నర్సు కళ్లు కదా నావి, పాట కంటే ముందు ఊపిరి మీదికి పోయాయి. చరణానికి ముందు ఛాతీ ఎత్తి పట్టుకునేవాడు, పంక్తి చివర మాటను కొంచెం ముందే వదిలేసి గాలి తీసుకునేవాడు. ఎక్కడ ఆగాలో గిటారు వాయించే అతనికి తెలుసు, ఆయన కోసం ఒక తీగ ఎక్కువ సాగదీసేవాడు. రెండు పాటల మధ్య చాలాసేపు మాట్లాడాడు. అమ్మ గురించి, రూబీ గురించి, నది గురించి. ఎవరి మీదా కోపం చూపలేదు. అయ్యాక బయట జనం వరుస కట్టారు. సంతకం కోసం నిలబడ్డవాళ్లు కొందరే. మా ముందున్న పెద్దావిడ తన అక్కను చిన్నప్పుడు ఎలా తీసుకుపోయారో ఆయనకు చెప్పింది. ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకుని, తొందరపడకుండా, మొత్తం విన్నాడు.

పాడిన ప్రతిసారీ ఆ బరువు కొంచెం కొంచెం వదులుతుందని ఆయన చెప్పుకునేవాడు. నాకు అర్థమైనంతలో, ఆ బరువు వదలాలంటే ఎదురుగా వినేవాళ్లు ఉండాలి. గదిలో ఒంటరిగా పాడుకుంటే తీరే బాధ కాదది. అబద్ధం చెప్పింది ఒక ప్రభుత్వం, నమ్మింది ఒక దేశం. కాబట్టి నిజం చెప్పేటప్పుడు కూడా నలుగురి ముందే చెప్పాలి, ఆ నలుగురూ లేచి పోకుండా కూర్చోవాలి. "మనకేం పని" అన్నావు చూడు, మన పని అదే. మనం ఉంటున్న ఇల్లు, నీ ఆసుపత్రి, నేను రోజూ నడిచే పార్కు అన్నీ వాళ్ల నేల మీదివే. నిన్న వచ్చామా, నూరేళ్ల కిందట వచ్చామా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇంకొకటి, నీ వృత్తికి సంబంధించింది. ఆ పిల్లల్లో కొందరిని పుట్టిన ఆసుపత్రుల్లోంచే తీసుకుపోయారు. అందుకే ఇవాళ ఒక ఆదివాసీ అమ్మమ్మ నీ వార్డు గుమ్మంలో ఆగిపోతే, ప్రశ్నలకు ముక్తసరిగా జవాబిస్తే, మనవడిని వదలకుండా పట్టుకుంటే, దాన్ని మొండితనమని కేసు షీటులో రాయకు. ఆమె భయానికి కారణం ఆ షీటులో దొరకదు. పాటలో దొరుకుతుంది. నా సర్వీసులో నాకు ఏ శిక్షణ తరగతీ చెప్పనిది ఆ కచేరీ చెప్పింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయితే పాటను మందు అనుకోకు. పాట రూబీని 54 ఏళ్లకే పోకుండా ఆపలేదు, ఆర్చీ ఊపిరితిత్తులను బాగు చేయలేదు. ఆయన 2022 జూలై 30న, 66 ఏళ్లకు, మీ ఊళ్లోనే కన్నుమూశాడు. పోయినవారి పేరు పలకకపోవడం, బొమ్మ చూపకపోవడం అక్కడి చాలా సమాజాల్లో ఆచారం. ఆయన పేరు, పాట జనాన్ని ఓదారుస్తూనే ఉండాలని కుటుంబం అనుమతి ఇచ్చింది కాబట్టే నేను ఇలా పేరు పెట్టి రాయగలుగుతున్నాను. 2014లో ఆయన పెట్టిన ఫౌండేషన్ నిర్బంధంలో ఉన్న ఆదివాసీ కుర్రవాళ్ల దగ్గరికి పాటతో వెళ్లింది. ఆ పిల్లల పక్కన కూర్చుని తన వీధి రోజులు చెప్పగలిగిన మనిషి ఆయన.

అందరివీ ఇలాంటి పాటలే అనుకోకు. ఉత్తరాన ఎల్కో దీవిలో పుట్టిన గుర్రుముల్ అనే ఆదివాసీ గాయకుడు పుట్టు గుడ్డి. కుడిచేతి వాటం గిటారునే తలకిందులుగా పట్టుకుని ఎడమచేత్తో వాయించేవాడు. వేదిక మీద మాట్లాడడానికి ఇష్టపడేవాడు కాదు, పక్కన బేస్ వాయించే మిత్రుడే ఆయన తరఫున మాట్లాడేవాడు. పాడింది తమ యోల్ఙు ప్రజల భాషల్లో, ఎక్కువగా తమ పూర్వీకుల గురించి, తమ తీరంలోని పక్షుల గురించి, తండ్రి గురించి. ఒక్క ముక్క అర్థం కాని శ్రోతలు ఊరూరా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన పోయాక 2018లో వచ్చిన ఆల్బమ్ ఆస్ట్రేలియాలో మొదటి స్థానానికి చేరింది. ఆదివాసీ భాషలో పాడిన ఆల్బమ్ ఒకటి అంత ఎత్తుకు వెళ్లడం అదే మొదలు. ఏడిపించే కథ చెబితేనే వింటాం అనే శ్రోతల దగ్గర, ఇదిగో మా సంపద అని నిండుగా పాడి వెళ్లినవాడు ఆయన.

మనవైపు కూడా ఇలాంటివాళ్లు ఉన్నారని మరిచిపోకు. మీ అమ్మమ్మగారి భద్రాద్రి జిల్లాలో, మణుగూరు పక్కన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య ఉండేవాడు. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల చరిత్రను గానం చేసేవాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయాడు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఆ డోలు వాళ్ల వంశ చరిత్ర పాట ఒక్క రాత్రి కూర్చుని వింటానని నాకు మాట ఇవ్వు.

ఇప్పుడు కచేరీ సంగతి. నువ్వు వెళ్లబోయే లైట్‌హౌస్ థియేటరు నుంచే 2020 నవంబరులో ఆర్చీ తన ప్రసిద్ధమైన పాట పాడాడు, ఆస్ట్రేలియా సంగీత ప్రముఖుల జాబితాలో చేరిన సందర్భంగా. ఈసారి పాడేవాళ్లు కుర్రవాళ్లు. నవ్విస్తారు కూడా, చూడు. మొదట ఆ నేల పెద్దలు స్వాగతం చెబుతారు, ఆ సమయానికి ముందే వెళ్లి కూర్చో. ఫోనుతో రికార్డు చేయకు, కొన్ని పాటలు కుటుంబాల ఆస్తి. పాట అయ్యాక చప్పట్లకు తొందరపడకు. బయటికి వచ్చాక ఎవరైనా పలకరిస్తే మాట్లాడు, నీ అంతట నువ్వే మీ వాళ్లకేం జరిగింది అని అడగకు. వాళ్లు నవ్వి మీది ఏ ఊరు అని అడిగితే మన ఊరి పేరు చెప్పు. ఆ నర్సు అమ్మాయి టికెట్ డబ్బు ఆమెకు వెంటనే ఇచ్చెయ్యి. ఆదివారం పొద్దున్న నాకు డ్యూటీ లేదు, పది తర్వాత ఫోను చెయ్యి. ఎవరు ఏం పాడారో, ఏ పాటకు హాలు ఎలా ఉందో వరసగా చెప్పాలి. మీ నాన్నకూ వినిపించేలా స్పీకర్ పెడతాను.

ఉంటాను.

అమ్మ