పేరైనా అడగలేకపోయిన మీకు

నా పోస్ట్‌మ్యాన్ బొమ్మ పూర్తయింది. ఆ రోజు చెక్కడం క్లాసులో నా పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయిన మీకు ఈ మాట ఎలాగైనా చేరాలని రాస్తున్నాను.

సంచీ, చొక్కా మడతలు, బూట్లు అన్నీ అయ్యాక కళ్ల దగ్గర ఆగిపోయాను. వయసుతో కంట్లో కటకం (లెన్సు) బిగుసుకుపోయి దగ్గరివి మసకగా కనిపిస్తాయి, 40 దాటితే అది అందరికీ తెలిసొస్తుంది. నాకు 68. కనురెప్ప గీత ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మొహం పాడవుతుందేమోనన్న టెన్షన్‌తో ఆరు నెలలు బొమ్మను గుడ్డలో చుట్టి పెట్టేశాను.

ఆ రోజు క్లాసులో మీరు పైన వెలుగుతున్న లైటు ఆర్పేసి, టేబుల్ లైటును పక్కకి, బాగా కిందికి వంచారు. అంతే, ప్రతి గాటులోనూ నీడ పడి గీతలు లేచి కనిపించాయి! తర్వాత నా బొటనవేలిని బొమ్మ చెంపల మీద నడిపించమన్నారు. ఎడమ చెంప ఎత్తుగా ఉందని కంటికన్నా ముందు వేలికే తెలిసింది. ఉలికి మళ్లీ పదును పెట్టి, చెక్క నార ఎటు వాలితే అటే, పలచగా పొట్టు లేచేలా తీశాను.

నిన్న రాత్రి రెండో కనురెప్ప కూడా అయింది. ఆయన ఇప్పుడు నన్నే చూస్తున్నాడు.

మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మళ్లీ కనిపిస్తే ఈ బొమ్మను మొదట మీ చేతిలోనే పెడతాను.