పెడన అచ్చులకు చిట్టా రాసేదెప్పుడు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కలంకారీ ప్రస్తావన వస్తే అధికారులు ఎగ్జిబిషన్లు, స్టాళ్లు, రుణాల గురించి మాట్లాడతారు. అవీ కావలసినవే. కానీ మచిలీపట్నం, పెడన అద్దకం షెడ్లలో అటకల మీద పడి ఉన్న, గుడ్డ మీద డిజైన్లు అద్దే పాత టేకు అచ్చుల సంగతి ఎవరూ ఎత్తరు. ఈ ఉత్తరం వాటి కోసం.

ఫ్రాన్స్‌లో వెర్సాయ్ పక్కన జుయీ అనే చిన్న ఊరుంది. జర్మన్ ప్రాంతం నుంచి వచ్చిన ఓబెర్‌కాంఫ్ అనే యువకుడు 1760లో అక్కడ అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు. అంతకు ముందు 1686 నుంచి 1759 దాకా ఆ దేశంలో పూల గుడ్డలు తెచ్చుకోవడం, తయారు చేయడం రెండూ నేరమే. అందుకు కారణం మన గుడ్డలు. కోరమాండల్ తీరం నుంచి, గుజరాత్ నుంచి ఓడలెక్కిన ఆ నూలు బట్టలు ఎన్నిసార్లు ఉతికినా రంగు వదిలేవి కావు. వాటి ముందు అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు నిలవలేకపోయారు. ఇంగ్లండ్ కూడా 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా ఇలాంటి చట్టాలే చేసింది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లో మొదటిసారి మన బందరుకు వచ్చింది ఈ తీరం బట్టల కోసమేనన్నది మరవకూడదు.

ఓబెర్‌కాంఫ్ మొదట వాడింది కొయ్య అచ్చులే. మొదట్లో అనుకరించింది మన పూలూ తీగలే. 1770లో రాగి పలకలు వచ్చాయి, 1797లో రాగి రోలర్లు. 1783లో హ్యూయె అనే చిత్రకారుడు ఆ ఫ్యాక్టరీ పనినే గుడ్డ మీదికి ఎక్కించాడు. ఉతికేవాళ్లు, అద్దేవాళ్లు, పచ్చికలో ఆరేసిన తానులు అన్నీ అందులో ఉంటాయి. 1843లో ఫ్యాక్టరీ మూతపడింది. అయినా అక్కడి మ్యూజియానికి వెళ్తే ఆ డిజైన్లను ఇప్పటికీ కళ్లారా చూడవచ్చు. ఎన్నో వాటికి ఎవరు గీశారు, ఎప్పుడు అద్దారు అన్న వివరం కూడా ఉంది.

నూట ఎనభై ఏళ్ల కిందట ఆగిపోయిన ఫ్యాక్టరీ కథ అది. మన దగ్గర పని ఇంకా నడుస్తోంది. అయినా ఏ షెడ్డులో ఏ అచ్చు ఉందో చెప్పే ఉమ్మడి చిట్టా ఎక్కడ అడిగినా నాకు దొరకలేదు.

అచ్చు పోతే ఏం పోతుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. ఒక డిజైనుకు ఒక్క అచ్చు చాలదు. గీతలకు ఒకటి, లోపలి ఎరుపుకు ఒకటి, వెనక రంగుకు మరొకటి కావాలి. ఒక అచ్చు పడిన చోటే రెండోది సరిగ్గా కూర్చోవడానికి మూలల్లో చిన్న గుర్తులు చెక్కుతారు. వెనకవైపు గాలి పోయేందుకు సన్నటి రంధ్రాలు తొలుస్తారు. జతలో ఒక్కటి చెదలు పట్టినా, పగిలినా మిగిలినవి పని చేయవు. కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత పడుతుంది. పటిక అద్దిన చోట మాత్రమే, ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. అంటే ఏ అచ్చును దేనితో అద్దాలి, ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా ఆ డిజైనులో భాగమే. ఆ వరస కొయ్య మీద రాసి ఉండదు. పెద్దవాళ్ల నోట్లో ఉంటుంది, వాళ్ల చేతుల్లో ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం అదే.

ఈలోగా పాత అచ్చులను గోడకు తగిలించుకునే అలంకారంగా కొనుక్కుపోతున్నారు. ఎవరినీ తప్పు పట్టను. పని తగ్గిన ఇంట్లో ఆ కొయ్య నాలుగు రూపాయలు తెస్తే అమ్ముకోక ఏం చేస్తారు? స్క్రీన్ ప్రింట్ చీరలు కలంకారీ పేరుతో సగం ధరకు దొరుకుతుంటే చేతి అద్దకానికి గిరాకీ ఎలా నిలుస్తుంది? మచిలీపట్నం కలంకారీకి జీఐ (ఈ సరుకు ఈ ఊరిదేనని చెప్పే భౌగోళిక) గుర్తింపు ఉంది. కానీ ఇది మా పాత డిజైను అని చూపించడానికి ఆధారాల పుస్తకం చేతిలో లేకపోతే, నకలు మీద పోట్లాడేదెలా?

ఇందుకు కోట్లు అక్కర్లేదు. చేనేత జౌళి శాఖ ముందుకొచ్చి, కృష్ణా విశ్వవిద్యాలయం విద్యార్థులను తోడు తీసుకుంటే పని మొదలవుతుంది. ప్రతి అచ్చుకూ ఒక నంబరు వేయాలి, ఫొటో తీయాలి, తెల్ల గుడ్డ మీద ఒక ముద్ర తీసి ఉంచాలి. చెక్కినవారి పేరు తెలిస్తే తప్పనిసరిగా రాయాలి. అద్దే వరస పెద్దల చేత చెప్పించి రికార్డు చేయాలి, అందుకు వాళ్లకు కూలి కట్టివ్వాలి. అచ్చులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. అమ్ముకోక తప్పని వాళ్ల దగ్గర మాత్రం ప్రభుత్వమే సరైన ధరకు కొని బందరులోనే భద్రపరచాలి, రాజధానికో హైదరాబాదుకో తరలించకూడదు. ఈ వేసవి సెలవుల్లో కనీసం పెడనలో ఒక్క వీధి నుంచైనా మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మచిలీపట్నం