వేంగి ఎక్కడుందో తేల్చండి: ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఏలూరు దగ్గరి పెదవేగి ఒకప్పటి వేంగి అని స్కూల్లో చదువుకున్నాం. శాలంకాయన రాజుల రాజధాని. తర్వాత తూర్పు చాళుక్యులు 7వ శతాబ్దం నుంచి ఇక్కడి నుంచే ఏలారు. రాజరాజ నరేంద్రుడి నాటికి పీఠం రాజమహేంద్రవరంలో ఉంది. నన్నయ రాజమహేంద్రవరాన్ని వేంగీదేశానికి నాయకరత్నం అన్నాడు. దేశం పేరు కావ్యంలో నిలిచింది, వేంగి నగరం మట్టిలో కలిసింది.

కోట ఎంతవరకు, ఊరి వీధులు ఎటు? గతంలో తవ్వకాలు జరిగాయి, కానీ అవి ముక్కలు ముక్కలుగానే మిగిలాయి. వాన వెలిసిన మర్నాడు పెదవేగిలో పాత నగరం దిబ్బల పక్క పొలంలో నడిచి చూడండి. నాగలి చాలుకు ఎర్ర పెంకులు పైకొస్తాయి. ఒకసారి నాకు పెద్ద ఇటుక ముక్క దొరికింది, ఒక అంచు మీద వేళ్ల గుర్తులు. చేసినవాడు తడి మట్టిని నొక్కినప్పటివి కాబోలు. చూసి అక్కడే పెట్టేశాను.

ఒక వేసవిలో మెరక కోసం ఎవరో దిబ్బ అంచు ట్రాక్టర్లతో తోలుకుపోయారు. అడిగితే "మట్టే కదండీ" అన్నారు. కోపం కన్నా నాకు టెన్షనే ఎక్కువ పట్టుకుంది.

పెద్ద తవ్వకానికి డబ్బు, కాలం కావాలని తెలుసు. ముందు దిబ్బలన్నిటికీ సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. నేల తవ్వకుండా లోపల గోడలు పసిగట్టే రాడార్ సర్వేకు పురావస్తు శాఖకు మీరే రాయండి. రైతులకు నష్టం రాకుండా చూడండి. లేకపోతే ఎవరూ పెంకు చూపించరు.

ఇట్లు,
పెదవేగి మండలవాసి