ఆ ఉరి మీద నేనన్నదీ అననిదీ

చిన్నాయనా,

నమస్కారం. నేను బాగున్నా. ఇక్కడ కువైట్‌లో చలి మొదలైంది, పొద్దున పూట స్వెట్టర్ లేకుండా బయటికి పోలేం. ఆఫీసు పని మామూలే, అరబ్బీ కోర్టు కాగితాలు ఇంగ్లీషులోకి, ఇంగ్లీషువి అరబ్బీలోకి. అమ్మ షుగర్ మాత్ర అన్నానికి ముందు వేసుకుంటోందా, తర్వాత వేసుకుంటోందా, చిన్నమ్మని ఒకసారి దగ్గరుండి చూడమను. నేనడిగితే "వేసుకున్నాలే" అంటుంది, అంతే.

ఆదివారం ఫోన్లో కోప్పడ్డావు. ఇరాక్‌ని ఏలిన సద్దాంని ఉరి తీయడం తప్పని నేనన్నానని, "కువైట్ జీతం తింటా ఆ మాట ఎట్టా అంటావురా" అని పెట్టేశావు. ఫోన్లో నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు, అందుకే రాస్తున్నా. అరుగు మీద మాస్టారితో వాదించేటప్పుడు నా పేరు వాడుకో, పర్లేదు. నేను అనని మాట మాత్రం నా నోట్లో పెట్టబాక.

ఆయన మంచోడని నేననలేదు. 1990 ఆగస్టు 2న ఆయన సైన్యం కువైట్ మీద పడ్డాక నువ్వేం పోగొట్టుకొని వచ్చావో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ టేప్‌రికార్డర్ కథ జేజి పోయేదాకా చెప్తానే ఉండింది. నేనన్నది ఒకటే. నీ కేసు విచారణకి రాకముందే ముద్దాయిని ఉరేశారు.

ఎట్టాగో చెప్తా, ఓపిగ్గా చదువు. 2003 డిసెంబరు 13న ఆయన తిక్రిత్ దగ్గర దొరికాడు. ఆయన్ని విచారించడానికి ట్రిబ్యునల్ చట్టం అంతకు మూడు రోజుల ముందే వచ్చింది. 1968 జూలై 17 నుంచి 2003 మే 1 దాకా జరిగిన నేరాలన్నీ దాని కిందికి వస్తాయి. అందులో 14వ సెక్షన్ ఒకటుంది. పదవిని అడ్డం పెట్టుకొని ఇరాక్ సైన్యాన్ని ఇంకో అరబ్బు దేశం మీదికి తోలడం నేరమని, 1958 నాటి ఇరాక్ చట్టాన్నే పట్టుకొని రాశారు. అరబ్బు దేశం మీదికి అంటే ఇంకేముంది, కువైటే. 2004 జూలై 1న జడ్జి ముందు నిలబెట్టి ఏడు ఆరోపణలు చదివి వినిపించినప్పుడు కూడా కువైట్ దండయాత్ర వాటిలో ఉంది. ఆయనకి కోపం వచ్చిందీ ఆ మాట దగ్గరే.

తీరా విచారణకి తీసుకున్నది ఆ ఏడింటిలో లేని కేసు. దుజైల్ అని బాగ్దాద్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊరు. 1982 జూలై 8న ఆయన కార్ల మీద అక్కడ కాల్పులు జరిగాయి. దానికి ప్రతీకారంగా వందల మందిని పట్టుకుపోయి, 148 మంది మగాళ్లనీ మగపిల్లల్నీ చంపారు. వాళ్ల తోటలు నరికించారు. నేరం ఘోరమే, సాక్ష్యం గట్టిదే, కాగితాల మీద సంతకాలున్నాయి. చిన్న కేసు, త్వరగా తేలుతుందని దాన్ని ముందు పెట్టారు. లాయర్లు అందరూ చేసేదే అది, అందులో తప్పులేదు. తప్పంతా ఆ ఒక్క కేసుతోనే మనిషిని ముగించడంలో ఉంది.

అన్ఫాల్ కేసు 2006 ఆగస్టు 21న మొదలైంది. 1988లో కుర్దు ఊళ్లని తుడిచిపెట్టిన కేసది. చనిపోయినవాళ్లు కనీసం 50 వేలని హక్కుల సంఘాల లెక్క, ప్రాసిక్యూషన్ లెక్కలో లక్షా 80 వేల దాకా. సద్దాం ఆ బోనులోనే కూర్చొని ఉన్నాడు, సాక్షులు ఎదురుగా నిలబడి చెప్తా ఉన్నారు. మధ్యలో తీసుకుపోయి ఉరేశారు. జనవరిలో కోర్టు ఆయన మీద అభియోగాలు ఎత్తేసింది. చెరువు కింద పొలం దావా తాత పోయినా వారసుల మీద ఎన్నేళ్లు నడిచిందో నీకు నేను చెప్పాలా. క్రిమినల్ కేసు అట్టా నడవదు, ముద్దాయి పోతే కేసు మూతే. మిగిలిన ముద్దాయిల మీద తీర్పు వచ్చింది గానీ, అసలు మనిషి పేరు మీద అన్ఫాల్ తీర్పు అనేదే లేదు. కువైట్ కేసైతే మొదలే కాలేదు.

నాకు డబ్బులొచ్చాయి గదా అంటావేమో. వచ్చాయి. ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ 'ఎ' రకం ఫారానికి మనిషికి 2,500 డాలర్లు, ఇంకే రకం కిందా అడగనని రాసిస్తే 4,000. నువ్వు 4,000 తీసుకున్నావు. ఆ డబ్బు సద్దాం జేబులోది కాదు. ఇరాక్ అమ్మే నూనెలో మొదట నూటికి 30 వంతున పట్టుకున్నారు, 2003 తర్వాత 5కి తగ్గించారు. మొత్తం 52.4 బిలియన్ డాలర్లు తీరేసరికి 2022 జనవరి అయింది. దండయాత్ర నాటికి పుట్టని పిల్లలు కూడా ఆ అప్పు కట్టారు. జనం కట్టారు గానీ, ఆజ్ఞ ఇచ్చినవాడు విచారణలో కువైట్ మీద ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పకుండానే పోయాడు. ఇక్కడ ఆ ఆక్రమణ ఏడు నెలల్లో 600 మందికి పైగా మనుషులు కనపడకుండా పోయారు. కొందరి ఎముకలు సమావా దగ్గర ఎడారిలో తవ్వితే దొరికాయి, డీఎన్ఏ పరీక్షతో పేర్లు కలిపారు. మిగతావాళ్లు యాడున్నారో తెలియదు. అడగాల్సినవాళ్లలో మొదటివాడు ఆయనే గదా?

ఇక తొందర సంగతి. తీర్పు 2006 నవంబరు 5న చదివారు. రాతపూర్వకంగా పూర్తి తీర్పు, దాదాపు 300 పేజీలు, డిఫెన్సు చేతికి వచ్చింది నవంబరు 22న. అప్పీలు గడువు డిసెంబరు 5. పదమూడు రోజులు! మన దగ్గర భూమి కేసు నకలు కాపీకే అంతకంటే ఎక్కువ పడుతుంది. డిసెంబరు 26న అప్పీలు కొట్టేశారు, 30 తెల్లవారుజామున ఉరి. శిక్ష ఖాయమైన 30 రోజుల లోపల అమలు చేయాలని ఆ చట్టం 27వ సెక్షన్లో ఉంది. 30 అనేది ఆఖరి గడువు, వీళ్లు నాలుగు రోజుల్లో కానిచ్చారు. అదే సెక్షన్లో ఇంకోటుంది. దేశాధ్యక్షుడితో సహా ఎవరూ క్షమించకూడదు, తగ్గించకూడదు. ఇరాక్ కొత్త రాజ్యాంగం చూస్తే మరణశిక్షకి అధ్యక్షుడి ఆమోదం కావాలంటుంది. అధ్యక్షుడు తలబానీ ఉరిశిక్షకే వ్యతిరేకి. కుర్దువాడు, సద్దాం చేతిలో తన జనం నాశనమైనవాడు, అయినా వ్యతిరేకి. చివరికి ఉత్తర్వు మీద సంతకం ప్రధాని మాలికీది.

ఆ రోజు బక్రీద్, చిన్నాయనా. సున్నీలకి 30న పండగ. మన వీధిలో మస్తాన్ వాళ్లింటి నుంచి గిన్నె వచ్చే రోజు. ముద్దాయి మతానికి సంబంధించిన పండగ నాడు మరణశిక్ష అమలు చేయకూడదని ఇరాక్ క్రిమినల్ ప్రొసీజర్‌లోనే రాసి ఉంది. అడ్డమొచ్చిన పేజీ తిప్పేశారు. ఉరికంబం దగ్గర ఎవరో ఫోన్లో వీడియో తీశారు. "ముక్తదా, ముక్తదా" అని షియా నాయకుడి పేరుతో అరుపులు. అక్కడున్న ప్రాసిక్యూటరే ఆపండయ్యా అని బతిమాలాల్సి వచ్చింది. ఆ వీడియో నువ్వూ చూశావు, పదిసార్లు చూశానన్నావు. అందులో కోర్టు శిక్ష అమలు చేస్తున్నట్టుందా, ఒక వర్గం పాత పగ తీర్చుకుంటున్నట్టుందా? చనిపోయేటప్పుడు ఆయన పెద్దమనిషిలాగా, చుట్టూ ఉన్నవాళ్లు రౌడీల్లాగా కనపడ్డారు. అంతటివాణ్ణి వీరుణ్ణి చేసి పంపించారు. నాకు కడుపు మండేది అక్కడే. జనవరి 15న ఆయన సవతి తమ్ముడు బర్జాన్‌ని ఉరి తీస్తే తల తెగి పడింది. తాడు పొడవుకీ మనిషి బరువుకీ లెక్క తప్పింది. రమదాన్ అనే ఇంకో ముద్దాయికి మొదట యావజ్జీవం వేశారు. అప్పీలు కోర్టు అది చాలదంది, మార్చి 20న అతన్నీ ఉరేశారు. ఒకణ్ణి విడుదల చేశారు, అది వాళ్ల ఖాతాలో వేయాల్సిందే.

విచారణలో లోపాలు రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. మొదలైన మర్నాడే డిఫెన్సు లాయరు ఒకణ్ణి ఎత్తుకుపోయి చంపారు, అయ్యేలోపు ముగ్గురు పోయారు. మొదటి పెద్ద జడ్జి, ముద్దాయిలతో మెత్తగా ఉన్నాడని తిట్లు తిని రాజీనామా చేశాడు. తర్వాత వచ్చినాయనది హలబ్జా. 1988 మార్చిలో గ్యాస్ పోసి వేల మందిని చంపిన ఊరు. ఆయన నిజాయితీని నేను శంకించను, దుజైల్‌కీ ఆ ఊరికీ సంబంధం లేదు. కానీ మన పంచాయితీలో దెబ్బతిన్న ఇంటివాణ్ణి పెద్దమనిషిగా కూర్చోబెడితే నువ్వు ఒప్పుకుంటావా?

సోమశిల నీళ్లు కావలి కాలువకి వదిలారని విన్నా. నారు పోశారా? రొయ్యల గుంట ఈసారి కౌలుకిచ్చెయ్యి చిన్నాయనా, రాత్రుళ్లు ఏరియేటర్ల కాడ నువ్వు నిద్ర కాయబాక.

ఇప్పుడు నీ మాటకి వస్తా. "బతికుంటే వాడి మనుషులు విడిపించకపోతారా" అన్నావు. ఇది గట్టి మాట, తోసెయ్యలేను. ఇటలీ నియంత ముస్సోలినీని 1943 జూలైలో సొంత రాజే అరెస్టు చేయించాడు. సెప్టెంబరు 12న జర్మన్లు కొండ మీద హోటల్లోంచి ఎత్తుకుపోయి ఉత్తర ఇటలీలో మళ్లీ గద్దె ఎక్కించారు. ఇంకో ఏడాదిన్నర ఎంతమంది చచ్చారో. నెపోలియన్ కూడా ఎల్బా దీవి నుంచి తప్పించుకొచ్చినవాడే. అప్పటి బాగ్దాద్‌లో రోజూ బాంబులే, జైలుకి నమ్మకం లేదు, నిజమే. కానీ దానికి మందు ఆ దేశంలోంచి బయటికి తీసుకుపోవడం. లైబీరియా చార్లెస్ టేలర్‌ని అట్టాగే చేశారు. విచారించింది సియెర్రా లియోన్ కోర్టే, కానీ అక్కడ ఉంచితే గొడవని విచారణని యూరప్‌లోని హేగ్‌కి మార్చారు. 2012లో 50 ఏళ్లు వేశారు, బ్రిటన్ జైల్లో ఉన్నాడు. ఎవరూ విడిపించలేదు, పాట కట్టలేదు. చాద్ పాలకుడు హబ్రేకి 2016లో సెనెగల్ దేశంలోని డకార్‌లో యావజ్జీవం పడింది, ఆయన చెరలో బతికి బయటపడినవాళ్లే వచ్చి సాక్ష్యం చెప్పారు. ఇందులోనూ దెబ్బలున్నాయి. యుగోస్లావియా నాయకుడు మిలోసెవిచ్ విచారణ నాలుగేళ్లు సాగదీసి, 2006 మార్చిలో తీర్పు రాకుండానే ఆయన గదిలో చచ్చిపోయాడు. అంత నిదానమూ పనికిరాదు.

న్యూరెంబర్గ్‌లో నాజీలని ఉరేశారు గదా, అదీ తప్పేనా అని మాస్టారు అడుగుతారు. వేశారు, 1946 అక్టోబరు 16న పది మందిని. కానీ పది నెలలు విచారించి, యుద్ధం మొదలెట్టడం దగ్గర్నుంచి అన్ని నేరాలూ ఒకే కేసులో పెట్టి, తీర్పు రాశాకే. అందుకే ఆ తీర్పు ఇవాళ్టికీ చదువుతాం. టోక్యోలో జపాను నాయకుల విచారణలో మన జడ్జి రాధాబినోద్ పాల్ ఒక్కడే అందర్నీ నిర్దోషులన్నాడు. జపాను ఘోరాలు జరగలేదని ఆయన అనలేదు, గెలిచినవాడు తర్వాత రాసుకున్న చట్టంతో ఓడినవాణ్ణి చంపడం న్యాయం కాదన్నాడు. నేను ఆయనంత దూరం పోను. గెలిచినవాడి కోర్టైనా సరే, అన్నీ విచారిస్తే చాలునంటా. చంపడం అప్పటికీ నాకు సమ్మతం కాదు. ఇక్కడ నువ్వూ నేనూ కలవం, వదిలేద్దాం.

చిలకలూరిపేట బస్సు కేసు గుర్తుందా? 1993లో 23 మంది కాలిపోయారు. ఇద్దరికి ఉరి ఖాయమై, తేదీ కూడా పెట్టాక ఆగింది, తర్వాత రాష్ట్రపతి యావజ్జీవానికి మార్చారు. అప్పుడు "పోనీలే, ఇద్దరు ప్రాణాలతో మిగిలారు" అన్నది నువ్వే. నేను చిన్నోణ్ణి గానీ విన్నా. మన దగ్గర రాష్ట్రపతికి అర్జీ పెట్టుకోవచ్చు, అది కొట్టేశాక కూడా 14 రోజులు ఆగాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇంటివాళ్లకి ముందుగా తెలపాలంది. బాగ్దాద్‌లో ఆ తలుపే లేకుండా ఇల్లు కట్టారు.

మాస్టారు అశ్వత్థామ పేరెత్తితే "సద్దాంకి తలలో మణి యాడుందయ్యా" అని నవ్వించావంటగా. ఉండింది చిన్నాయనా. సైన్యం, నూనె, ఆ సంతకం. 2003 ఏప్రిల్‌లోనే పీకేశారు. నిద్రపోయే పిల్లల్ని చంపినోణ్ణే మణి తీసి వదిలారు, అదీ తిక్కన రాసిన మన నెల్లూరోళ్లకి నేను చెప్పాలా. నేను వదలమని కూడా అనడం లేదు, కూర్చోబెట్టి అడగమంటున్నా.

ముస్సోలినీ సంగతి నేను రాసిన కాగితం మాస్టారికి చూపించబాక, అది నీ పక్షం, దాచుకొని వాదనలో వాడుకో.

టీవీలో గల్ఫ్ మ్యాపులు చూపిస్తే అమ్మ బెంగ పెట్టుకుంటుంది, ఛానల్ మార్చెయ్యమను. ఇక్కడ నాకేం భయం లేదు. చిన్నమ్మ నిమ్మకాయ ఊరగాయ పెడితే సంక్రాంతి తర్వాత వచ్చేవాళ్లతో పంపు, ప్లాస్టిక్ డబ్బాలో, నూనె కారకుండా మూత మీద టేపు వేసి.

ఇంకొక పని. నీ పాత పాస్‌పోర్టు ట్రంకు పెట్టెలోనే ఉందిగదా. చెదలు పట్టకముందే పెద్దోడితో ఫొటోలు తీయించి నాకు పంపించు. జోర్డాన్‌లోని అమ్మాన్ ముద్ర ఉన్న పేజీ మర్చిపోవద్దు.

నీ అబ్బాయి