మారినర్స్ ఓడింది ఒక్క పిచర్ వల్ల కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మేము సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో పదహారేళ్లుగా ఉంటున్నాం. ఆఫీసులో అయినా, తెలుగువాళ్లం నలుగురం ఎవరింట్లో భోజనానికి కలిసినా, రెండు నెలలుగా ఒకటే చర్చ. మన సియాటెల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్, వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) గడప దగ్గర టొరంటో జట్టుతో ఆడిన చివరి, ఏడో మ్యాచ్‌లో, ఏడో ఇన్నింగ్స్‌లో పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఎడ్వర్డ్ బజార్డోని ఎందుకు దింపారు? అంతకంటే మంచి పిచర్ ఆండ్రెస్ మున్యోజ్‌ని ఎందుకు కూర్చోబెట్టారు? నేనూ ఆ బాధలోంచి ఇంకా తేరుకోలేదు. కానీ మనం తప్పు వెతుకుతున్న చోటు అది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ రోజు అక్టోబర్ 20, దీపావళి. వరండాలో దీపాలు పెట్టి అందరం టీవీ ముందు కూర్చున్నాం. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారికి బేస్‌బాల్ కొత్త. అవతలి జట్టులో 27 ఔట్లు తీస్తే ఆట మనదేనని చెబితే, ప్రతి ఔట్‌కీ వేలు మడుస్తూ లెక్క పెట్టుకున్నారు. మారినర్స్ 3-1తో ముందున్నారు. "ఇంకెంత, ఎనిమిదే" అన్నారాయన. అప్పటికే టొరంటోవాళ్లు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. పిచర్ బ్రయన్ వూని తీసేసి బజార్డోని తెచ్చారు. టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి గోడ దాటింది. హోమ్ రన్, ఒక్క దెబ్బకి మూడు పరుగులు. టొరంటో 4-3. ఆ స్కోరు ఇక మారలేదు. మా అమ్మాయి హూలియో రోడ్రిగెజ్ 44 నంబరు చొక్కా వేసుకుని ఉంది. మాట్లాడకుండా వరండాలోకి వెళ్లి దీపాల పక్కన కూర్చుంది. నాన్నగారు మాత్రం అడిగారు: "ఇంకో మంచి బౌలర్ ఉన్నాడన్నావు కదరా. ఈ రోజు కాకపోతే వాడు ఇంకెప్పటికి?" నా దగ్గర జవాబు లేదు.

1977లో పుట్టిన ఈ జట్టు ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడలేదు. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో అలాంటిది ఇదొక్కటే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా ఆ గడప దగ్గరే ఆగిపోయింది. తర్వాత ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ పోటీలకి) రావడానికే 2022 దాకా పట్టింది. ఈసారి కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. ఒక క్యాచర్ (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) ఒక సీజన్‌లో అన్ని కొట్టడం ఆటలోనే మొదటిసారి. అలాంటి ఏడాది మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?

నా అసలు బాధ బ్యాటర్ యుహేనియో స్వారెజ్ విషయంలో. 2023లో ఒక్క గెలుపు తక్కువై ప్లేఆఫ్స్ పోయాయి. ఆ ఓటమి తర్వాతే మేనేజ్‌మెంట్ పెద్ద జెర్రీ డిపోటో, పదేళ్ల మీద 54 శాతం మ్యాచ్‌లు గెలవడమే తమ లక్ష్యమని చెప్పి అభిమానుల మనసు విరిచారు. ఆ నవంబర్‌లోనే స్వారెజ్‌ని అరిజోనాకి పంపేశారు. జీతం భారం తగ్గించుకోవడమే కారణమని అందరికీ అర్థమైంది. 2024లో మళ్లీ ఒక్క గెలుపు తక్కువ! చివరికి 2025 జూలైలో అదే స్వారెజ్‌ని అదే అరిజోనా నుంచి, బదులుగా కుర్రాళ్లని ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. టొరంటోతో ఐదో మ్యాచ్‌లో గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టి గెలిపించింది ఆయనే. ఆయన్ని పంపేయకుండా ఉంటే 2024లో ఆ ఒక్క గెలుపు దొరికేది కాదా? అక్టోబర్‌లో తగిలిన దెబ్బలకి మూలం సీజన్ లేని ఈ నెలల్లో చేసే బేరాల్లోనే ఉందని నేననేది అందుకే.

ఈ చలికాలం మొదలు బాగానే ఉంది. ఫస్ట్ బేస్‌లో జాష్ నేలర్‌ని ఐదేళ్లకి 9.25 కోట్ల డాలర్లిచ్చి నిలబెట్టుకున్నారు. సంతోషం, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ హోర్హే పొలాంకో వెళ్లిపోయాడు. న్యూయార్క్ మెట్స్ రెండేళ్లకి 4 కోట్ల డాలర్లిచ్చి తీసుకుపోయింది. డెట్రాయిట్‌తో 15 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్‌ని ముగించిన దెబ్బ అతనిదే. ఈ ఏడాది 26 హోమ్ రన్లు కొట్టాడు. ఆ స్థానం ఇంకా ఖాళీగానే ఉంది. స్వారెజ్ కాంట్రాక్ట్ కూడా అయిపోయింది.

కోల్ట్ ఎమర్సన్ లాంటి కుర్రాళ్లు ఎదుగుతున్నారు, తొందరెందుకు అనేవాళ్లున్నారు. కుర్రాళ్లని నేనూ నమ్ముతాను. వూ, కర్బీ, గిల్బర్ట్ ఇక్కడ ఎదిగినవాళ్లే. అయితే పిచర్ల భుజాలు ఎన్నేళ్లు ఇలా ఉంటాయి? గిల్బర్ట్ మీద జట్టుకున్న హక్కు 2027తో తీరిపోతుంది. వాళ్లందరూ ఒకేసారి ఫామ్‌లో ఉన్న రోజులివి.

సియాటెల్ లాస్ ఏంజెలిస్ కాదు, అంత డబ్బు ఎక్కడిది అనేది ఇంకో మాట. ఆ స్టేడియం ఎవరి డబ్బుతో కట్టారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1995లో కింగ్ కౌంటీ (సియాటెల్, బెల్‌వ్యూ ఉన్న జిల్లా) ప్రజలు స్టేడియం పన్నుకి కొద్ది తేడాతో వద్దని ఓటేశారు. అయినా రాష్ట్ర శాసనసభ వేరే పన్నులు వేసి నిధులు సమకూర్చింది. 1996 నుంచి 2011 దాకా ఈ కౌంటీలో రెస్టారెంట్ బిల్లుల మీద అర శాతం స్టేడియానికే పోయింది. మేము కొత్తగా వచ్చినప్పుడు ఆదివారం తిన్న మసాలా దోశ మీద కూడా. 2018లో హోటల్ గదుల పన్ను నుంచి మరో 13.5 కోట్ల డాలర్లు స్టేడియం నిర్వహణకి ఇవ్వడానికి కౌంటీ కౌన్సిల్ 5-4 ఓట్లతో ఒప్పుకుంది. ఈ అక్టోబర్‌లో ఆరు ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆ స్టేడియంలోనే జరిగాయి. ఇంత తీసుకున్న జట్టుని, ఖాళీలు నింపమని అడిగే హక్కు ఈ ఊళ్లో పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది.

మనవాళ్లలో చాలామంది ఇది అమెరికావాళ్ల ఆట, మనకెందుకులే అంటారు. క్రికెట్ అంటే నాకూ ప్రాణమే. సియాటెల్ ఓర్కాస్ మ్యాచ్ ఉంటే ముందు టికెట్ కొనేది నేనే. కానీ మన పిల్లలు ఏడ్చేది మారినర్స్ కోసం. స్టేడియాన్ని చూసుకునే ప్రభుత్వ బోర్డు సమావేశాలకి ఎవరైనా వెళ్లొచ్చు. ఆటగాళ్లని కొనేది ఆ బోర్డు కాదు, నిజమే. అయినా అక్కడ లేచి మాట్లాడితే యాజమాన్యం చెవిన పడుతుంది. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు రెన్యూ చేసేముందు జట్టుకి రెండు వాక్యాలు రాయండి. నేను రాశాను.

ఫిబ్రవరి మధ్యలో అరిజోనాలోని పియోరియాలో శిక్షణ మొదలవుతుంది. ఆలోగా ఒక నమ్మకమైన ఇన్‌ఫీల్డ్ బ్యాటర్‌ని, మున్యోజ్‌కి తోడుగా ఇంకో గట్టి రిలీఫ్ పిచర్‌ని (ఆట మధ్యలో దిగే పిచర్‌ని) తేవాలి. జాన్ స్టాంటన్ గారూ, మిగతా యజమానులూ డిపోటోకి అందుకు తగ్గ డబ్బివ్వాలి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం
డిసెంబర్ 20, 2025