పన్ను తీశారు సరే, తర్వాతి సంగతి మన భాషలో చెప్పరా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా అమ్మకు కింది దవడ పన్ను తీయించాం, ఇంటికి దగ్గర్లోని ఒక క్లినిక్‌లో. పావుగంటలో పనైపోయింది. నోట్లో దూది ఉండ పెట్టి, చేతికో కాగితమిచ్చి పంపేశారు. కాగితం నిండా ఇంగ్లీషే. సిస్టర్ గబగబా ఏదో చెప్పిందట. మూతి మొద్దుబారి, భయంతో చెమటలు పట్టిన మనిషికి అదెంత ఎక్కుతుంది? నేనేమో బయట బిల్లు కడుతున్నాను.

ఆ రాత్రంతా అమ్మ మంచం పక్కన ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుని కూర్చుంది. నోట్లో ఎరుపు తగిలినప్పుడల్లా ఉమ్మడం, ఉప్పేసిన వేడినీళ్లు పుక్కిలించడం. "నెత్తురు మింగొద్దంటరు గద బిడ్డా" అంది. నేనూ నిజమే అనుకుని నీళ్లు కాచి ఇస్తూ కూర్చున్నా. మూడో రోజుకు నొప్పి చెవిదాకా పాకింది, నోరు తెరిస్తే వాసన. మళ్లీ తీసుకెళ్తే డ్రై సాకెట్ అన్నారు. పన్ను ఊడిన గుంటలో గడ్డకట్టే రక్తమే లోపలి ఎముకకు కప్పట. ఉమ్మినా, గట్టిగా పుక్కిలించినా అది ఊడిపోవచ్చట. గుంట కడిగి మందు పెడితే లవంగం వాసన గుప్పుమంది. "కాగితంలో రాశాం కదమ్మా" అన్నారు డాక్టరు గారు. ఇంటికొచ్చి కూడబలుక్కుని చదివాను. నిజమే, ఉమ్మొద్దని మొదటి వరుసలోనే ఉంది.

అందులో ఉన్నవేమీ బ్రహ్మవిద్యలు కావు. దూదిని అరగంట, ముప్పావుగంట గట్టిగా కరిచి ఉంచాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ రోజు పుక్కిలింతలు వద్దు. ఉప్పునీళ్లు 24 గంటలు గడిచాకే, అవీ గోరువెచ్చగా, నోట్లో మెల్లగా తిప్పి వదిలేయాలి. మంచిదని కొబ్బరిబోండాం కొనిస్తాం కానీ స్ట్రాతో పీల్చినా గడ్డ కదులుతుంది, గ్లాసులో పోసుకుని తాగాలి. పొగలు కక్కే ఇరానీ చాయ్ ఆ పూటకు మానుకుని, చల్లటి పెరుగన్నం తింటే చాలు. బీడీ, సిగరెట్, గుట్కా జోలికి కొన్నాళ్లు పోకూడదు. అన్నిటికన్నా కష్టం ఇదే, మా మామయ్యను చూశాను కాబట్టి చెబుతున్నా. ఉమ్మిలో కలిస్తే చుక్క రక్తం కూడా గిన్నెడులా కనిపిస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ మగ్గు అవసరమే ఉండేది కాదు.

ఉర్దూ 2017 నుంచి మన రాష్ట్రానికి రెండో అధికార భాష. అయినా ఆ క్లినిక్‌లో తెలుగులోనూ కాగితం లేదు, ఉర్దూలోనూ లేదు. ఆరోగ్యశాఖ వారు తెలుగు, ఉర్దూ, హిందీల్లో, చదువు రానివాళ్ల కోసం బొమ్మలతో, ఒక్క పేజీ తయారు చేయించలేరా? అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల నుంచి గల్లీ క్లినిక్ దాకా అదే ఇవ్వాలి. బస్తీ దవాఖానాల గోడలకూ అంటించాలి. ఆ మాటలు చెప్పేటప్పుడు వెంట వచ్చినవాళ్లనూ లోపలికి పిలవాలి.

దూది మళ్లీ కరిచిపెట్టినా రక్తం ఆగకపోతే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. మాకిచ్చిన కాగితం మీద నంబరైతే ఉంది. రాత్రి పదింటికి చేస్తే ఎత్తినవాళ్లు లేరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ముషీరాబాద్, హైదరాబాద్